నల్లత్త వైద్యం

రెడ్డెమ్మ దొడ్లో వైద్యమంతా కాకిదే. పొద్దు పొడుస్తూనే కానుగచెట్టు దిగి, రేకుల కప్పు మీద ముక్కు రుద్దుకుని, బొల్లి ఆవు వీపు మీద వాలేది. వాలగానే పలకరింపు మొదలు. నెమరు సరిగ్గా పడిందా, పేడ జారుగా పడుతోందా, పొదుగు సలుపుతోందా అని కన్నతల్లి కూడా అడగనంత ఇదిగా అడిగేది. ఆ తర్వాత పనిలోకి దిగేది. తోక అందని చోట, నాలుక చేరని చోట, గంగడోలు ముడతల్లో, చెవుల లోపల అంటుకుని రక్తం తాగే పిడుదుల్ని ఒక్కొక్కటే పీకి మింగేది. పిడుదుతో పాటు ఒక్కోసారి ఇంత కండ కూడా ఊడొచ్చేది. బొల్లి ఉలిక్కిపడితే, అది చెడ్డ రక్తం తల్లీ, పోనీ, అనేది.

దొడ్లో అందరూ దాన్ని నల్లత్త అని పిలిచేవాళ్ళు. బొల్లికైతే నల్లత్త మాటే వేదం. సగం జెర్సీ రక్తం, పల్చటి చర్మం, తొలిచూలు. లోకం తెలియని పిల్ల. వీపు గోకిన వాళ్ళందరూ మేలుకోరేవాళ్ళే అనుకునే రకం. ఈ మధ్యనే దానికొక పెయ్యదూడ పుట్టింది. రెడ్డెమ్మ ముద్దుగా జున్ను అని పేరు పెట్టుకుంది. జున్ను గంతులేస్తుంటే బొల్లి మేత కూడా మరిచిపోయి అలా చూస్తూ ఉండిపోయేది. ఆ దూడకి చీమ కుట్టినా దాని ప్రాణం విలవిల్లాడేది.

ఆ వానాకాలంలోనే దొడ్డి కుక్క సీజరు చచ్చి బతికాడు. చెవుల నిండా పిడుదులు పట్టి, జ్వరం తగులుకుని, లేచి నిలబడలేక గోడవారన పడిపోతే, రెడ్డెమ్మ గోనెసంచిలో చుట్టుకుని షేర్ ఆటోలో టౌనుకి తీసుకెళ్ళింది. అక్కడ బస్టాండు వెనకాల వకుళ డాక్టరమ్మ చిన్న పశువుల ఆసుపత్రి నడుపుతోంది. సూదులు వేసి, మాత్రలు మింగించి, మందునీళ్ళతో స్నానం చేయించి, మెడకి పిడుదులు రాకుండా ఒక మందు బెల్టు కట్టి పంపింది. తిరిగొచ్చిన సీజరు మాట్లాడ్డం మొదలుపెడితే ఆపలేదు.

"అక్కా, దురద సంగతి వదిలెయ్. పిడుదు తాగే రక్తం కంటే అది మన ఒంట్లో వదిలే జ్వరమే మనల్ని చంపేది. డాక్టరమ్మ చెబుతుంటే ఈ చెవులతో విన్నా," అన్నాడు బొల్లితో.

విన్నదంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. పిడుదులు గోడ బీటల్లో గుడ్లు పెడతాయట. ఒంటికి మందు కొట్టి గోడల్ని వదిలేస్తే కొట్టినట్టే కాదట, బీటలు పూడ్చి సున్నం కొట్టించాలట. రోజూ దూడ చెవులు విప్పి చూడాలట. చెవి కింద గడ్డ తగిలినా, చిగుళ్ళు తెల్లబారినా, పాలు తాగడం మానేసినా, రేపు చూద్దాంలే అనుకోకుండా అప్పుడే కబురు పెట్టాలట. మంగళవారం నాడు డాక్టరమ్మే ఊళ్ళోకి వస్తుందట. పశువులన్నిటికీ మందు పిచికారీ చేసి, దూడలకి జ్వరం రాకుండా సూది వేస్తుందట.

రేకుల మీద కూర్చుని నల్లత్త ఇదంతా వింది. గూట్లో పిల్లలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. దొడ్డంతా మందు కొడితే తన పొట్ట కొట్టినట్టే. అయినా మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. సీజరు నీళ్ళ తొట్టి దగ్గరికి వెళ్ళేదాకా ఆగి, మెల్లిగా బొల్లి చెవి దగ్గర వాలింది.

"వాడి మెడ చూశావా తల్లీ? వైద్యానికని తీసుకెళ్ళి పట్టీ బిగించి పంపారు. నేను ఇన్నాళ్ళుగా వైద్యం చేస్తున్నా, ఎప్పుడైనా నీకు తాడు కట్టానా?"

బొల్లి ఆలోచనలో పడింది. నిజమే, కట్టలేదు.

"మందు పడ్డాక వాడు అన్నం ముట్టాడా? ఒక పూటంతా మూలుగుతూ పడుకున్నాడు. గట్టి పిండం కనక తట్టుకున్నాడు. జున్ను పసిది. ఆ సూదికి ఆగుతుందా? పైగా ఆ మందు కంపుకి నీ పాలు ఎండిపోతాయి. పాలు ఎండిన ఆవుని ఏం చేస్తారో నా నోటితో చెప్పించకు."

ఎక్కడ నొక్కితే ఎక్కడ నొప్పెడుతుందో దానికి తెలుసు మరి. బొల్లి దూడని మూతితో దగ్గరికి నెట్టుకుంది. ఇప్పుడేం చెయ్యాలత్తా, అని అడిగింది. పసికందుని తుప్పల్లో దాచడం మీ జాతికి నేను నేర్పాలా, అంది కాకి. మంగళవారం మేతకి వదలగానే వాగు అవతల తుప్పల్లోకి దూడని తీసుకెళ్ళి, డాక్టరమ్మ బండి ఊరు దాటేదాకా అక్కడే ఉండమంది. తానే చెట్టెక్కి కావలి కాస్తానంది.

ఈ సంగతి తెలిసి సీజరు మొత్తుకున్నాడు. తను మూలిగింది జ్వరానికే గాని మందుకి కాదన్నాడు. నీ మెడకి బెల్టు పడిందన్న కుళ్ళు మాకెందుకు, మా నల్లత్త ఉండగా మాకేం భయం, అని బొల్లి కసిరికొట్టింది. వాడు తోక ముడుచుకుని గోడవారకి వెళ్ళిపోయాడు.

మంగళవారం డాక్టరమ్మ స్కూటరు మీద పంపు, మందులపెట్టె కట్టుకుని వచ్చింది. ఊళ్ళో పశువులన్నీ వరసగా మందు కొట్టించుకున్నాయి. రెడ్డెమ్మ మాత్రం చేతిలో తాడు పట్టుకుని బొల్లీ, బొల్లీ అని గుట్ట చుట్టూ తిరిగింది. గొంతు పోయింది గాని ఆవు దొరకలేదు. డాక్టరమ్మ ఎండలో చాలాసేపు ఎదురుచూసి, ఒక మందు సీసా రెడ్డెమ్మ చేతిలో పెట్టి, ఎన్ని నీళ్ళకి ఎంత కలపాలో, కళ్ళలో నోట్లో పడకుండా ఎలా పుయ్యాలో చెప్పి, దూడని ఒకసారి ఆసుపత్రికి తోలుకురమ్మని మరీ మరీ చెప్పి వెళ్ళింది. పొద్దు వాలాక బొల్లి దూడని వెంటేసుకుని దర్జాగా దొడ్లోకి వచ్చింది. నల్లత్త మెచ్చుకుంది. తల్లంటే ఇలా ఉండాలంది.

మర్నాడు రెడ్డెమ్మ బకెట్లో మందు కలిపి తెచ్చింది. కాకి రేకుల మీంచి ఒక్క అరుపు అరిచింది. అంతే, బొల్లి వెనక్కాలితో తన్నిన తన్నుకి బకెట్ ఎగిరి మందంతా మట్టిపాలైంది. రెడ్డెమ్మ మోకాలు పట్టుకుని కూలబడి, నీకేం పోయేకాలమే, అని తిట్టి, కుంటుకుంటూ లోపలికి వెళ్ళింది. దూడని టౌనుకి తీసుకెళ్ళే మాట కూడా ఆ మోకాలితోనే మూలబడింది.

కొన్నాళ్ళకి జున్ను గంతులు తగ్గాయి. చెవులు వేలాడేసింది. పొదుగు దగ్గరికి వచ్చి, మూతి పెట్టి, రెండు గుక్కలు తాగి వదిలేసేది. సీజరు దగ్గరికొచ్చి వాసన చూసి, చెవి కింద ముక్కుతో నెట్టి చూశాడు. అక్కడ గడ్డ ఉంది.

"అక్కా, నాకొచ్చినట్టే దీనికీ పిడుదుల జ్వరం వచ్చింది. గొంతెత్తి అరిచెయ్. రెడ్డెమ్మ వచ్చి చూసిందంటే ఇప్పుడే డాక్టరమ్మకి ఫోన్ చేస్తుంది. ఇంకా టైముంది," అన్నాడు.

బొల్లికి భయం పుట్టింది. అయినా అరవలేదు. అరిచే ముందు అత్తని ఒక మాట అడగాలనుకుంది. అదే దాని కొంప ముంచింది. నల్లత్త వచ్చి, దూడ చెవిలోకి తొంగి చూసి, బలిసిన పిడుదులు రెండు మింగి, ఎదిగే పిల్లకి ఒంట్లో వేడి మామూలేనంది. నువ్వు అరిస్తే సూది తెస్తారు, జ్వరంలో సూది పడితే ఇక అంతే, ఓర్చుకో, అంది. బొల్లి ఓర్చుకుంది. రెడ్డెమ్మ పాలు పితకడానికి వస్తే దూడకి అడ్డంగా నిలబడింది. ఎప్పటిలాగే పాలు చేపింది, ఎప్పటిలాగే తోక ఊపింది. నొప్పి బయటపెడితే ఓడిపోయినట్టేనన్న తెలివితక్కువ పరువు పశువులకి పుట్టుకతో వస్తుంది కదా, ఆ పరువంతా అక్కడ చూపించింది. సీజరు మొరిగి మొరిగి రెడ్డెమ్మ చీరకొంగు పట్టి లాగితే, పిల్లి కనపడి ఉంటుందిలే అని వాణ్ణి గుంజకి కట్టేసింది.

జున్ను ఇక లేవలేని రోజున నల్లత్త తన పిల్లని కూడా వెంట తెచ్చింది. రెక్కలొచ్చిన పిల్ల, పని నేర్చుకునే వయసు. తల్లీ పిల్లా బొల్లి వీపు మీద వాలి పని మొదలుపెట్టాయి. బొల్లి మూతి దూడ మెడ మీద ఆనించి ఉంది. వినదనుకున్నాయో, విన్నా ఏం చేస్తుందిలే అనుకున్నాయో మరి.

"చిన్నవాటి జోలికి పోకు. వాటిని పీకితే రేపు ఏం తింటావు? బలిసినవే ఏరుకో. చిన్నవి తాగనీ, పెరగనీ," అంది నల్లత్త పిల్లతో.

బొల్లి నెమరు ఆగిపోయింది. ఇన్నాళ్ళూ తన వీపు మీద జరిగింది వైద్యం కాదు, సేద్యమని అప్పుడు తెలిసింది. ఒళ్ళు ఒక్క విదిలింపు విదిలించి, కాకుల్ని తోలేసి, దొడ్డి అదిరేలా అరిచింది. అలా అరుస్తూనే ఉంది. రెడ్డెమ్మ పొయ్యి మీద గిన్నె అలాగే వదిలేసి పరుగెత్తుకొచ్చింది. దూడ పోసిన ఉచ్చ ఎర్రగా ఉండడం చూసి నెత్తీ నోరూ కొట్టుకుంది. ఫోన్ చెయ్యగానే డాక్టరమ్మ వచ్చింది. జున్ను పెదవి ఎత్తి చూసింది, చిగుళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. చెవి కింద గడ్డ తడిమి, చెవులు విప్పి చూసింది. సూది వేసింది, సెలైన్ పెట్టింది, పక్కనే కూర్చుంది.

"గడ్డ కనపడిన రోజే పిలిచి ఉంటే బతికేదమ్మా," అంది చివరికి.

నాకేం కనపడలేదు డాక్టరమ్మా, ఆవు అడ్డం నిలబడేది, అని ఏడ్చింది రెడ్డెమ్మ. బొల్లి ఆ మాట వింది. ఎండ నెత్తి మీదికి వచ్చేసరికి జున్ను ప్రాణం పోయింది.

దూడ లేకపోతే ఆవు పాలు చేపదు. అందుకని రెడ్డెమ్మ మరిది వచ్చి, అందరూ చేసేదే చేశాడు. దూడ తోలు ఒలిపించి, ఆరబెట్టి, లోపల ఎండుగడ్డి కూరి, నాలుగు కర్రల మీద నిలబెట్టి బొల్లి ముందు పెట్టాడు. బొల్లి దాన్ని వాసన చూసింది. లోపల గడ్డే ఉందని దానికి తెలుసు. అయినా నాకింది. నాకుతుంటే పాలు దిగాయి. రెడ్డెమ్మ తల పక్కకి తిప్పుకుని పాలు పితికింది.

ఆ వారమే డాక్టరమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి తాడు అక్కర్లేకపోయింది. బొల్లి కదలకుండా నిలబడి, చెవులు వంచి మరీ మందు కొట్టించుకుంది. గోడ బీటలు పూడ్చి సున్నం వేశారు. పిడుదులు ఎండు గింజల్లా రాలిపోయాయి. ఒళ్ళు తేలికైంది. ఇంత సుళువా, ఇంత సుళువైన దానికా నా బిడ్డని తుప్పల్లో దాచాను, అని సీజరు దగ్గర కుమిలిపోయేది. వాడు ముందే చెప్పానుగా అని ఒక్కసారి కూడా అనలేదు.

నల్లత్త తన అలవాటు ప్రకారం వచ్చింది. బొల్లి వీపు మీద వాలి, ఇటు వెతికి అటు వెతికి, ఏమీ దొరక్క, గడ్డి దూడ మీదికి ఎగిరి కూర్చుంది.

"దీనికి మాత్రం ఒక్క పిడుదూ లేదు చూడు," అంది.

బొల్లి కళ్ళెత్తి చూసింది. "అంతా తెలిసే చెప్పావా అత్తా?"

"తెలియకేం. నీ వీపు మీద రోజూ నేను చేసేదేమిటో నీకు మాత్రం తెలియదా? నా పిల్లల ఆకలి కోసం వచ్చాను, తిన్నాను. దానికి వైద్యం అని పేరు పెట్టుకుంది మీరు. నీ పిల్ల సంగతి నన్నడిగింది నువ్వు." అలా అని కాకి ముక్కు తుడుచుకుని, గోడ అవతలికి ఎగిరిపోయింది.

పక్కదొడ్లో గేదె ఈనింది. దూడ ఇంకా తల్లి కాళ్ళ మధ్య తడబడుతోంది. కాకి ఆ గేదె వీపు మీద వాలి, నెమరు సరిగ్గా పడిందా తల్లీ, పొదుగు సలుపుతోందా, అని అడగడం బొల్లికి వినిపించింది. గోడ మీదికి మెడ చాచి అరిచింది. దాన్ని నమ్మకు వదినా, నా బిడ్డని తినేసింది, నీ దూడ చెవులు చూసుకో, డాక్టరమ్మని పిలిపించుకో, అని గొంతు పోయేలా అరిచింది. సీజరు కూడా మొరిగాడు.

గేదె తల తిప్పి, ఆవిడ ఎందుకలా అరుస్తోందని కాకిని అడిగింది.

"దూడ పోయింది పాపం. అప్పట్నుంచీ మతి స్థిమితంలో లేదు. నువ్వు చెవి వంచు తల్లీ," అంది నల్లత్త.

గేదె అయ్యో పాపం అనుకుని, చెవి వంచి, హాయిగా కళ్ళు మూసుకుంది.

మన జబ్బు మీద బతికేవాళ్ళని మన జబ్బుకి మందు అడగకూడదు.