కొంగ మెడ ఎందుకు ముడుచుకుంది

ఫొటో తీస్తున్నారంటే నేను పొట్ట లోపలికి లాగి, ఛాతీ విరిచి నిలబడతాను. నా గొప్ప కోసం కాదండోయ్, చూసేవాళ్ళ కళ్ళు చల్లగా ఉండాలని! ఈ పరోపకారం వల్ల ఒకసారి ఊపిరాడక ఫొటోగ్రాఫరు మీదే పడ్డాను.

ఒకప్పుడు, పిల్లలూ, కొంగ కూడా అలాగే నిలబడేది. మెడ కర్రలా నిటారుగా ఉండేది.

కొల్లేట్లో తుమ్మచెట్ల మీద పక్షులన్నీ గూళ్ళు కట్టుకునేవి. వాటన్నిటికీ పెద్ద, గూడబాతు తాత. ఎవరికి ఏ కొమ్మ ఇవ్వాలో ఒంటి తీరు చూసి చెప్పేవాడు.

"పొట్టి కాళ్ళా? కోపిష్టి. వంగిన వీపా? పిరికి. వంకర మెడా? దొంగ!"

మరి ఆయన గొంతు కింద వేలాడే సంచి? "అది దానగుణం," అనేవాడు. అందులోంచి ఎవరికీ ఒక్క చేపపిల్ల రాలిందీ లేదు.

రోజూ పొద్దున్నే ఓ తుంగకాడ తెచ్చి కొంగమ్మ మెడ పక్కన పెట్టి చూసేవాడు. "శభాష్ అమ్మాయ్! మెడంటే ఇదీ. పై కొమ్మ నీదే."

మెడ బాగానే ఉంది. కడుపే మాడుతోంది. ఆ నిటారు మెడతో అంత ఎత్తునుంచి ముక్కు నీళ్ళలోకి దిగేలోపు చేప ఎటో పోయేది. గూట్లో మూడు పిల్లలు. అరిచి అరిచి మూడోది అరవడం మానేసింది.

ఆ వేళ కొంగమ్మ నీళ్ళలో నిలబడి, మెడ ముడుచుకుని, తల భుజాల్లో దాచుకుని ఏడ్చింది. కాళ్ళ దగ్గర ఓ పరిగె చేప కదిలింది. కొంగమ్మ ఉలిక్కిపడింది. ముడిచిన మెడ బాణంలా సాగింది. చూస్తే ముక్కులో చేప!

"తాతా, తాతా! నీ నిటారు కొంగ వంకరపోయింది!" అని నీటికాకి కేకేసింది.

తాత తుంగకాడతో సహా వచ్చాడు. "మెడ సాపు చెయ్యి అమ్మాయ్. లేదా కొమ్మ దిగు. దొంగలకు పై కొమ్మ ఇవ్వను."

కొంగమ్మ ముందు ఆ చేపను మూడోపిల్ల నోట్లో పెట్టింది. అది మింగి, సన్నగా 'కీచ్' మంది.

"దిగుతాను తాతా," అంది కొంగమ్మ. "కింది కొమ్మయితే నీళ్ళు దగ్గర."

ఒక్కో పిల్లనీ ముక్కుతో పట్టి కిందికి దింపుకుంది.

అప్పటినుంచే కొంగ మెడ ముడుచుకుని నీళ్ళలో నిలబడుతుంది. జనం దాన్ని చూసి దొంగజపం అంటారు. అననీ, దానికి వినే తీరికేదీ?

నేనూ చాలా కొంగల్ని చూశాను. అలా నిలబడ్డ కొంగ చేప కోసం చూస్తోందో, ఏడుస్తోందో చెప్పడం నాకింకా చేతకాలేదు.