కాదంటేనే నెయ్యి

కొప్పెరగిరి రాజు ముమ్మడి భూపతికి పొద్దున్నే చిరాకొచ్చింది. రాకేం చేస్తుంది? తర్కం, వ్యాకరణం, వైద్యం, జ్యోతిషం, సంగీతం... ఐదు పాఠశాలల విద్యార్థి సంఘాలూ ఐదు అర్జీలతో వచ్చి, ముందు ఎవరు లోపలికి వెళ్ళాలని కోట గుమ్మంలోనే జుట్టూ జుట్టూ పట్టుకున్నాయి.

"చాలించండి!" అని అరిచాడు రాజు. "రేపు అందరూ కలిసి రండి. ఒకే గొంతుతో ఒకే మాట చెప్పండి. చెబితే మీరడిగింది చేస్తా. చెప్పలేకపోయారో, మళ్ళీ ఈ గడప తొక్కొద్దు!"

వాళ్ళు అడిగేది పెద్ద కోరికేం కాదు. విద్యాధికారి ఉద్దండావధానులుగారు తన మీసాల మీద తానే పదివేల పద్యాలు రాసుకున్నారు. అవన్నీ కంఠతా వస్తేగానీ ఎవరికీ పట్టా ఇవ్వకూడదని శాసనం చేయించారు. దాన్ని రద్దు చేయమనే వాళ్ళ మొర. పాపం, వైద్యసంఘం పెద్ద సోమిదేవయ్య మూడేళ్ళుగా ఎడమ మీసం దాటలేదు. పట్టా లేనిదే పిల్లనివ్వనని కాబోయే మామ ఇప్పటికి మూడు ముహూర్తాలు తప్పించాడు. నాలుగోది వచ్చే వారమే.

రాజుగారి మాట విని అవధానులుగారు ధీమాగా మీసం దువ్వుకున్నారు. దువ్వుకోరూ మరి! ఆ ఊరి పాఠశాలల్లో ఒక ఆచారం ఉంది. ఎదుటివాడు ఏమన్నా ముందు "కాదు" అనాలి, తర్వాతే మాట్లాడాలి. అలాగైతే బుర్ర పదునెక్కుతుందట. కాదననివాడికి ఆ పూట అన్నంలోకి నెయ్యి ఉండదు. నెయ్యి వదులుకునే వెర్రివాడెవడు చెప్పండి?

సోమిదేవయ్య లబోదిబోమంటూ, రాజుగారికి తాంబూలం చుట్టిచ్చే పేరయ్య దగ్గరికి పరుగెత్తాడు.

"బాబాయ్, నా పెళ్ళి గంగలో కలిసింది! రేపు ఏ మాట చెప్పాలో తేలడం లేదు. ఒకడు ఏదైనా అంటే చాలు, నలుగురు కాదంటున్నారు."

పేరయ్య తమలపాకుకి సున్నం రాస్తూ, "తేల్చుకోవద్దు. ఊరికే ఆకలితో రండి. నెయ్యి నేను తెస్తా," అన్నాడు.

"కాదు బాబాయ్..."

"చూశావా, అలవాటు బాగానే ఉంది. ఇక పో!"

మర్నాడు సభ కిటకిటలాడింది. సంఘానికో మూలన నిలబడ్డారు. మూలలు నాలుగే కాబట్టి సంగీతం వాళ్ళు నడిమధ్యన నిలబడ్డారు. పేరయ్య నేతి జాడీ ఒకటి మోసుకొచ్చి మూత తీశాడు. ఘుమఘుమ సభంతా పాకింది.

"ప్రభూ, పిల్లలు వాదించేచోట నెయ్యి ఉండడం ఈ ఊరి మర్యాద," అన్నాడు పేరయ్య. "అవధానులుగారంతటి పెద్దవారు ఉండగా వీళ్ళు ముందు నోరు విప్పడం బావుండదు. ఆ శాసనం గొప్పేమిటో ముందు వారినే సెలవియ్యమనండి."

పొగిడితే అవధానులుగారు ఆగుతారా! రొమ్ము విరుచుకుని లేచారు.

"నాయనలారా! నా పద్యాలు మీ పాలిటి వరం. అవునా?"

"కాదు!"

రెండువందల గొంతులు ఒక్కసారే అన్నాయి. కప్పు మీది పావురాలన్నీ ఎగిరిపోయాయి.

"ఓహో, ఒకే గొంతు! ఒకే మాట!" అంటూ రాజు సింహాసనం మీంచి లేచి నిలబడ్డాడు.

అవధానులుగారి ముఖం మాడిపోయింది. "ప్రభూ, ఇది నెయ్యి చేసిన మాయ! వీళ్ళలో ఐకమత్యం ఏనాడూ లేదు. వాళ్ళ నోటితోనే చెప్పిస్తా చూడండి!" అని పిల్లల వైపు తిరిగారు. "ఒరేయ్, నిజం చెప్పండి. మీరంతా ఒక్కటేనా?"

"కాదు!"

పేరయ్య తాంబూలం అందిస్తూ మెల్లగా అన్నాడు:

"విన్నారా ప్రభూ, ఒక్కటి కాదని చెప్పడంలో కూడా ఒక్కడంటే ఒక్కడు విడిపోలేదు!"

రాజు పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి తాంబూలం పొలమారింది. శాసనం అక్కడికక్కడే రద్దయింది. పేరయ్య చేతికి బంగారు కడియం పడింది, జాడీ పిల్లల పాలైంది. రాజు తన చేత్తోనే సోమిదేవయ్యకి పట్టా ఇచ్చి, "ఏం నాయనా, ఇప్పుడు సంతోషమేనా?" అన్నాడు.

"కా..." అని, సోమిదేవయ్య గబుక్కున రెండు చేతులతో నోరు మూసుకుని, తల మాత్రం గట్టిగా ఊపాడు.