విడిది మేడకు ఏనుగు మేత

పానకాలు శెట్టి వేసవి విడిదికి పెళ్లాంపిల్లలతో బండి దిగగానే, సరస్సు ఒడ్డున తాళం వేసి ఉన్న పాలరాతి మేడను చూపించాడొక పట్టుతలపాగా పెద్దమనిషి.

"మేడ నాదే. అద్దె బయానా ఇప్పుడే ఇవ్వాలి. అవతల సేనాపతిగారు అడుగుతున్నారు." తాళంచెవి మాత్రం రేపిస్తాడట.

ఏళ్ల తరబడి అక్కడే ఏనుగును కడుగుతున్న మావటి సింగన్న ఆ తలపాగాను ఎన్నడూ చూడలేదు. శెట్టి డబ్బుమూట విప్పుతుండగా ఏనుగుతో సహా వచ్చి దణ్ణం పెట్టాడు.

"దొరా, మేడ తమదా? తమకోసమే వెతుకుతున్నాను. ఈ వేసవంతా పట్టపుటేనుగుకు మేత మేడ యజమానే పెట్టాలని రాజుగారి ఆజ్ఞ. రోజుకు బండెడు చెరకు."

ఏనుగు తొండం చాచి తలపాగా వాసన చూసింది.

"మేడ నాదని ఎవరన్నారు?" అంటూనే పెద్దమనిషి కాలికి బుద్ధి చెప్పాడు.

శెట్టి మూట ముడి వేసుకుంటూ, "రాజుగారు నిజంగా అలా ఆజ్ఞ ఇచ్చారా?" అన్నాడు.

"మేడ అతనిదన్నది ఎంత నిజమో, ఇదీ అంతే నిజం బాబూ" అన్నాడు సింగన్న.