గారె పెడితే ఎగిరే దయ్యం

నేనెప్పుడూ ఏదీ రాసి ఎరగను. మా పిల్లలకి చెప్పే కథ, చెప్పినట్టే పెడుతున్నాను. నవ్వాలనిపిస్తే కథకే నవ్వండి.

అనగనగా ఏటిగట్టున ఒక ఊరు. ఆ ఊళ్ళో నూకాలని ఒక కోడలు, అప్పడాలు ఒత్తి బతికేది. ఏరు దాటడానికి పడవ లేదు, వంతెన లేదు, ఒక్క దయ్యమే ఉంది. చారెడు అటుకులు పెడితే ఎవరి కబురైనా, ఎవరి మూటైనా నెత్తిన పెట్టుకుని ఎగిరిపోయేది. పాదాలు వెనక్కి తిరిగి ఉండేవి గనక వస్తోందో పోతోందో తెలిసేది కాదు, అదొక్కటే ఇబ్బంది.

ఊఁ అనరేం, అప్పుడే నిద్రా?

ఇంతలో రాజుగారి బావమరిది వీరయ్య అప్పడాల కొట్టు పెట్టాడు. దయ్యాన్ని గుత్తకి తీసుకున్నాడు. గారెలు పెట్టినవాళ్ళ మూట ఎగరాలి, గంజి పోసినవాళ్ళ మూట ఏట్లో దిగి నడవాలి, తన కొట్టు మూట మాత్రం ఊరికే ఎగరాలి అన్నాడు. ఊరికే వస్తుందంటే జనం ఆగుతారా? ఎగబడ్డారు. మిగతావాళ్ళ మూటలు విప్పి వాసన చూసి, అప్పడాలైతే వెనక్కి నెట్టేవాడు. నూకాలు మూట మాత్రం, మీ ఫోన్లో సున్నా గిర్రున తిరుగుతూ ఉండిపోతుందే, అలా దారిలోనే ఉండేది. పెళ్ళికి పంపిన అప్పడాలు సీమంతానికి చేరాయి, అదీ నానిపోయి. ఇక నూకాలు ఇంట పొయ్యిలో పిల్లి లేవలేదు.

నూకాలు వెళ్ళి అడిగింది. దయ్యం కాళ్ళు అరుగుతున్నాయి, మందు ఖర్చు ఎవడిస్తాడు అన్నాడు వీరయ్య.

"అందరి దగ్గరా తలా పిడికెడు ఎక్కువ తీసుకో బాబూ. నా మూట విప్పి వాసన చూడ్డం దేనికి?" అంది. వాడు నవ్వి ఇంకో మూట విప్పాడు.

ఒకనాడు దయ్యం ఈసురోమంటూ ఆవిడ గుమ్మం ముందునుంచి పోతోంది. దయ్యమా దయ్యమా, ఎగరవేం? గంజి పోశారు. గంజెందుకు పోశారు? కోటలో ఇంకేం వండలేదు. ఎందుకు వండలేదు? రాజుగారి కడుపు పాడైంది. ఎందుకు పాడైంది? బావమరిది అప్పడాలు తిన్నారు. మరి ఎక్కడికి? ఏటవతలి వైద్యుడి దగ్గరికి. ఎప్పటికి చేరతావు? ఎల్లుండికి!

నూకాలు కొంగు బిగించి కోటకి పరిగెత్తింది. రాజుగారు పెరట్లో తలుపు వెనక ఉన్నారు. బయట చెంబు పట్టుకుని వీరయ్య. ఆవిడ తలుపు ఇవతల నుంచే సంగతంతా చెప్పింది.

"బావగారి కబురు ఒక్కటీ ఎగరనిస్తాలే," అన్నాడు వీరయ్య.

"రేపు బావగారితో నీకు చెడితేనో?" అంది నూకాలు.

లోపల కడుపు ఉరిమింది. "అందరివీ ఒకేలా ఎగరాలి! ఎవరి మూటా విప్పకూడదు! ముందు దాన్ని ఎగరమనండర్రా!" అని రాజుగారు లోపల్నుంచే శాసనం చేసేశారు.

నూకాలు గట్టున నిలబడి కేకేసింది. దయ్యం ఎగిరింది. వైద్యుడు దాని నెత్తిమీదే వచ్చి కషాయం పోశాడు, రాజుగారు హాయిగా పడుకున్నారు. వీరయ్య మంచి నూనె కొనడం నేర్చుకున్నాడు. అందరూ చల్లగా ఉన్నారు. మోసేవాడు మొయ్యాలి గాని మూట విప్పకూడదర్రా, అంతే.

తెల్లారి నూకాలు ఏం చేసిందంటే, అప్పడాలు మూటగట్టి, చారెడు అటుకులతో దయ్యం ముందు పెట్టింది. అప్పటికే దాని నెత్తిన వీరయ్య మూట ఉంది. దానిమీదే ఇదీ పెట్టుకుని పోయింది. వచ్చిందేమో మరి, ఆ పాదాలతో ఎవరికి తెలుసు!

కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లో దూరండి.