దొర తీసిన కుండ

పొగ కోటలోకి వస్తోందని దొర, కుమ్మరి పోలమ్మ కుండలు కాల్చే ఆవాన్ని కూలగొట్టించాడు. నెల తిరక్కుండానే తన కూతురి పెళ్లికి కుండలు కావాలన్నాడు. చేసేది లేక ఆమె పెరట్లోనే పచ్చికుండలు పేర్చి, పిడకలు కప్పి నిప్పంటించింది.

సాయంత్రానికి దొర భటులతో దిగాడు.

"ఇప్పుడే తియ్యి. ఒక్కటి పగిలినా నీ తల ఉండదు."

పోలమ్మ ఇంకా సెగలు కక్కుతున్న బూడిద వైపు చూసింది. వేడి మీద గాలి తగిలితే కుండలన్నీ పగులుతాయి. ఆగమంటే కత్తి లేస్తుంది.

"అట్లాగే దొరా. కాకపోతే మొదటి కుండ పెళ్లికూతురి తండ్రే చేత్తో తియ్యాలి. లేకపోతే పిల్లకు అరిష్టం."

దొర వంగి బూడిదలో చెయ్యి పెట్టబోయి, చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

"చల్లారనీ," అన్నాడు.

ఆ ఊళ్లో ఇప్పటికీ మొదటి పెళ్లికుండ తండ్రే తీస్తాడు. ఆ ఆచారం పోలమ్మ భయంలోంచి పుట్టిందని ఎవరికీ తెలీదు.