ఇప్పగింజల పుస్తకంలో పెన్సిలు రాత

"పెన్సిలుతో రాసినా రాతే మాస్టారూ. జరిమానా కట్టి తీరాలి."

"అచ్చులో అక్షరం పడిపోతే పెట్టాను సత్యానందం. కూలి అడగనందుకు సంతోషించు."

అడవుల కాలేజీ లైబ్రరీలో ఈ గొడవ ఏళ్ళ తరబడి నడిచింది. లైబ్రేరియన్ సత్యానందం వదలడు, జోగారావు మాస్టారు కట్టరు. గుమ్మం దగ్గర పిల్లల సంచులు కాసేది నేనే గనక రోజూ వినేదాన్ని.

ఆ రోజు మాస్టారి శిష్యురాలు సోడె సమ్మక్క లావుపాటి పుస్తకం ఒకటి పట్టుకుని వాళ్ళ మధ్యకొచ్చి నిలబడింది. పిల్ల మొహం పీక్కుపోయి ఉంది. తెల్లారితే పరిశోధన కాయితాలు ఇచ్చెయ్యాలి.

"సార్, ఇప్పగింజలు గోనెసంచిలో ఏడాది దాచినా మొలుస్తాయని ఇందులో ఉంది. నేను దాచి వేసినవి ఒక్కటీ మొలవలేదు. నీళ్ళు మానలేదు, పురుగు పట్టనివ్వలేదు. నా చేతిలోనే ఏదో లోపం ఉంది. మొలిచాయని రాసెయ్యనా?"

"ఎవరు రాసిన పుస్తకమమ్మా?"

పిల్ల తలొంచుకుంది. "మీరే సార్."

మాస్టారు పడుచుతనంలో డాక్టరేటు కోసం రాసిందట అది. కోప్పడతారనుకున్నాను. కళ్ళజోడు పెట్టుకుని ఆ పేజీ నిదానంగా చదువుకున్నారు.

"మీరు ఎన్ని కుండీల్లో వేశారు సార్?" అంది సమ్మక్క భయంభయంగా.

"ఒక్కదాంట్లోనూ వెయ్యలేదు. నాకంటే ముందు ఒకాయన రాసింది ఈ బీరువాల్లోనే దొరికింది. ఎత్తి రాసుకున్నాను. ఆయన ఎవరి దగ్గర ఎత్తాడో మరి."

జేబులో పెన్సిలు తీసి, పేజీ పక్కన ఖాళీలో పైకి చదువుతూ రాశారు. "దాచిన గింజలు మొలవలేదు. వేసి చూసినది సోడె సమ్మక్క." కింద తారీకు వేసి పుస్తకం పిల్ల చేతికిచ్చారు.

"ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాసుకో. ఏ పుస్తకంలో ఉందని ఎవరన్నా అడిగితే ఈ పేజీ చూపించు."

సమ్మక్క తన పేరు మీద వేలు పెట్టింది, తియ్యలేదు.

"ఏడుపు దేనికే, పుస్తకం తడుస్తుంది," అన్నాను నేను.

సత్యానందం లేచొచ్చాడు. "నా కళ్ళముందే రాశారు మాస్టారూ!"

"రాశాను. రసీదు ఇవ్వు. అది మాత్రం చెరపకు సత్యానందం. వెనకొచ్చేవాళ్ళు ఇంకోసారి వేసి చూస్తారు."

ఆ మాట అని, జేబులు తడుముకుని ముప్పై అయిదు రూపాయలు కట్టారు.