మినుకు చెప్పిన లేని పట్టు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక సెలయేరు, ఏటి మధ్యన ఒక నల్లరాయి. పిల్లలూ, ఆ రాయి మీద ఎవరుండేవారో చెబితే మీరు నమ్మరు. కంటికి ఆననంత చిన్న ప్రాణులు, వేలకు వేలు! బడిలో మీ టీచరు బ్యాక్టీరియా అంటారే, అవే.

వాటికి చేతుల్లేవు. అయినా ఒకదాన్నొకటి పట్టుకునే ఉండేవి. ఎలాగంటారా? ఒక్కోదాని పైపొర మీద ప్రొటీన్లతో చేసుకున్న బుల్లి కొక్కేలుండేవి. దీని కొక్కెం దాని కొక్కేన్ని అందుకోవాలి. ఒక్కవైపే ఉంటే పట్టు కుదరదు.

అందుకే రోజూ పొద్దున్నే గండవ్వ అనే పెద్దది కేకేసేది.

"పట్టు ఉందా?"

"పట్టు ఉంది!" అంటూ వరసలో ఒక్కొక్కటే జవాబు చెప్పేవి.

ఆ వరసలో చివరిది చిటికె. మొన్ననే తన ముందున్న మినుకు అనేదాని నుంచి విడివడి పుట్టిన పసిది. దానికి ఆసరా మినుకు ఒక్కతే.

ఒకనాడు ఒక తోకకప్ప అటుగా వచ్చి పకపకా నవ్వింది.

"ఒంటినిండా ఆ ముళ్లేంటే మినుకూ? నన్ను చూడు, ఎంత నున్నగా ఉన్నానో!"

మినుకుకు తల కొట్టేసినట్టయింది. కొక్కేలు చేసుకోవడానికి బోలెడంత తిండి కావాలన్న సంగతీ గుర్తొచ్చింది. ఆ పూట నుంచే కొత్తవి చేసుకోవడం మానేసింది. పాతవి ఊడిపోయాయి. ఒళ్లు నిగనిగలాడింది.

మర్నాడు గండవ్వ అడిగింది. "పట్టు ఉంది!" అంది మినుకు. రెండో రోజూ అంతే. మూడో రోజు కూడా తడుముకోకుండా అదే మాట అంది. అప్పుడు చిటికె మెల్లగా అడిగింది.

"అక్కా, నీ పట్టు నాకు తెలియడం లేదేంటి?"

"నీళ్లు నిదానంగా ఉన్నాయి కదే, అందుకే తెలియడం లేదు. నేనున్నాగా!"

చిటికె నమ్మేసింది.

ఆ మధ్యాహ్నం కొండ మీద పెద్ద వాన కురిసింది. ఏరు ఒక్కసారిగా విరుచుకుపడింది.

"అక్కా, పట్టుకో!" అంటూ చిటికె కొక్కేలన్నీ చాచింది. మినుకు నున్నటి ఒంటి మీద అవి జారిపోయాయి. మళ్లీ చాచింది. మళ్లీ జారాయి. మూడోసారి చాచింది. అప్పటికి మినుకు అందనంత దూరమైపోయింది.

అయ్యయ్యో పిల్లలూ, ఈ మాట చెప్పడానికి నాకే నోరు రావడం లేదు! చిటికె కొట్టుకుపోయింది. నీళ్లు మినుకునూ ఈడ్చాయి గానీ, అది రాతి పగుల్లో ఇరుక్కుని బతికింది.

వరద తీసింది. గండవ్వ మళ్లీ కేకేసింది. "పట్టు ఉందా?"

"ఉంది! ఉంది!" వరస మినుకు దాకా వచ్చింది. మినుకు ఆ మాట అనబోయి ఆగింది. వెనక్కి తిరిగి ఖాళీ రాయిని చూసింది.

"చిటికే, పట్టు ఉందా?" అని అడిగింది. మళ్లీ అడిగింది. మూడోసారి గొంతు చించుకుని అరిచింది. అటు నుంచి ఎవరూ పలకలేదు.

గండవ్వ మినుకు నున్నటి ఒంటిని చూసింది.

"పొద్దున ఉందన్నావు కదే!" అంది.

నీతి: లేని పట్టును ఉందని చెబితే, మనల్ని నమ్ముకున్నవాళ్లు కొట్టుకుపోతారు.